భాగం 9: ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌లో మాక్రోలు – చారిత్రక పరిణామం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు.

• మాక్రో అనే భావన ఎక్కడ పుట్టి, కార్యాలయ సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా చేరింది
• ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌కు మాక్రో భాష రావడానికి పదేళ్లు ఎందుకు పట్టింది
• ఒక చిన్న మాక్రో ఏ క్రమంలో పనిచేస్తుంది, ఎక్కడ పొరపాటు పడుతుంది
• మాక్రో వైరస్‌ల వల్ల వచ్చిన మార్పులు ఏమిటి
• ఏ పనిని యంత్రానికి అప్పగించవచ్చు, ఏ పనిని అప్పగించకూడదు

9.1 పరిచయం

ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. మీరు ఒక మండల కార్యాలయంలో పనిచేస్తున్నారనుకోండి. రేపటి సమీక్షా సమావేశం కోసం 80 పనుల ఫొటోలను స్లయిడ్‌కు ఒకటి చొప్పున పెట్టారు. అవి రకరకాల ఫోన్‌లతో తీసినవి కాబట్టి ఒకటి పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉంది. ఒకటి పైకి జరిగి, మరొకటి పక్కకు జరిగి ఉంది. అన్నిటినీ ఒకే వెడల్పుకు తెచ్చి ఒకే చోట నిలపమని పై అధికారి చెప్పారు. ఒక్కో ఫొటోకు రెండు నిమిషాలు వేసుకున్నా 160 నిమిషాలు కావాలి. అంతసేపట్లో మీరు కొత్తగా ఆలోచించేది ఏమీ ఉండదు. చేసిన పనినే 80 సార్లు చేస్తారు.

ఇదే పనిని పది పన్నెండు పంక్తుల ఆజ్ఞలుగా రాసి కంప్యూటర్‌కు ఇస్తే కొద్ది క్షణాల్లో పూర్తవుతుంది. ఒక సాఫ్ట్‌వేర్ లోపలే ఉండి, ఆ సాఫ్ట్‌వేర్ చేత పని చేయించే ఇటువంటి ఆజ్ఞల వరుసను మాక్రో అంటారు.

మాక్రోలు రాయడాన్ని నేర్పడం ఈ భాగం ఉద్దేశం కాదు. అవి ఎలా వచ్చాయో, వాటి వెంట ఏమేమి వచ్చాయో చెప్పడం దీని ఉద్దేశం. ఈ చరిత్ర పొడవునా రెండు ప్రశ్నలు మీకు మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. మొదటిది: యంత్రానికి ఆజ్ఞ ఇచ్చే అధికారం ఎవరికి ఉండాలి? రెండోది: మరొకరు రాసిన ఆజ్ఞను మనం ఎంతవరకు నమ్మాలి? మొదటి ప్రశ్నకు ‘అందరికీ’ అని సమాధానం చెప్పిన ప్రతిసారీ రెండో ప్రశ్న మరింత గట్టిగా ముందుకు వచ్చింది. ఈ రెండింటి మధ్య సంబంధాన్ని గుర్తుపెట్టుకుంటే మిగిలిన వివరాలు సులభంగా బోధపడతాయి.

9.2 మాక్రో భావన పుట్టుక

‘మాక్రో’ అనే మాటకు మూలం గ్రీకు భాషలో ‘పొడవైన’, ‘పెద్ద’ అనే అర్థం గల పదం. కంప్యూటర్ రంగంలోకి ఈ మాట 1950లలో అసెంబ్లీ భాషల ద్వారా వచ్చింది. అప్పటి ప్రోగ్రామర్లు యంత్రానికి అతి చిన్న ఆజ్ఞలు ఒక్కొక్కటిగా రాయవలసి వచ్చేది. తరచుగా వాడే ఆజ్ఞల గుంపుకు ఒక పేరు పెట్టి, ఆ పేరు రాసినచోటల్లా గుంపు మొత్తం వచ్చి చేరేలా చేశారు. అదే మాక్రో ఆజ్ఞ. 1960లో డగ్లస్ మెకిల్‌రాయ్ ప్రచురించిన వ్యాసం ఈ పద్ధతిని ఉన్నతస్థాయి భాషలకు విస్తరించే మార్గాన్ని చర్చించింది. అయితే ఇదంతా నిపుణుల లోకం. సామాన్య ఉద్యోగికి అందులో చోటు లేదు.

సామాన్యుల వైపు తలుపు తెరిచినది బేసిక్ భాష. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణిత ఆచార్యులు దీన్ని రూపొందించారు. 1964 మే 1న ఇది మొదటిసారి పనిచేసింది. విజ్ఞాన శాస్త్రం చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్‌ను వాడగలగాలన్నది వారి ఆశయం. మూడు దశాబ్దాల తరువాత ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌లో చేరిన మాక్రో భాష ఈ బేసిక్ వంశానికి చెందినదే.

మాక్రోను కార్యాలయపు బల్ల మీదికి తెచ్చినది లోటస్ 1-2-3. 1983లో వెలువడిన ఈ స్ప్రెడ్‌షీట్‌లో, మనం కీబోర్డు మీద నొక్కే కీల వరుసను గళ్లలో రాసి పెట్టుకోవచ్చు. దానికి ఒక అక్షరాన్ని పేరుగా ఇచ్చి, ఆల్ట్ కీతోపాటు ఆ అక్షరాన్ని నొక్కితే వరుస మొత్తం తనంతట తానే నడుస్తుంది. లెక్కల గుమాస్తా ప్రోగ్రామింగ్ చదవకపోయినా, తన చేతి వేళ్లు రోజూ చేసే పనిని కాగితం మీద రాసుకోగలడు. ఆ విధంగా అతను తెలియకుండానే ప్రోగ్రామర్ అయ్యాడు. లోటస్ మాక్రోలు విస్తృతంగా వాడుకలోకి రావడానికి ఈ సౌలభ్యమే ముఖ్య కారణం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
‘లోటస్ 1-2-3 మాక్రో వాడుకరిని ప్రోగ్రామర్‌గా మార్చింది’ – ఈ వాక్యాన్ని మూడు వాక్యాల్లో వివరించండి.

9.3 ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్ ఆవిర్భావం

స్ప్రెడ్‌షీట్‌లో మాక్రోలు వచ్చిన నాటికి పవర్‌పాయింట్ ఇంకా పుట్టలేదు. అప్పటి సమావేశాల్లో ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ వాడేవారు. పారదర్శకమైన షీట్ల మీద చేత్తో రాయడమో, అచ్చు వేయించడమో చేసి, ఒక్కొక్కటిగా దీపం మీద పెట్టేవారు. మీలో కొంచెం పెద్ద వయసువారు శిక్షణ తరగతుల్లో ఈ యంత్రాన్ని చూసే ఉంటారు.

1984లో రాబర్ట్ గాస్కిన్స్ ఇటువంటి షీట్లను కంప్యూటర్‌తో తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను ప్రతిపాదించాడు. కాలిఫోర్నియాలోని ఫోర్‌థాట్ అనే చిన్న సంస్థలో డెనిస్ ఆస్టిన్, థామస్ రడ్కిన్‌లతో కలిసి దాన్ని తయారుచేశాడు. మొదట అనుకున్న పేరు ‘ప్రెజెంటర్’. చివరకు ‘పవర్‌పాయింట్’ అనే పేరుతో 1987 ఏప్రిల్‌లో మెకింతాష్ కంప్యూటర్ల కోసం విడుదలైంది. ఆ మొదటి రూపం నలుపు తెలుపుల్లో మాత్రమే పనిచేసేది. షీట్ల కోసం పేజీలను అచ్చు వేసి ఇచ్చేది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ 1 కోటి 40 లక్షల డాలర్లకు ఫోర్‌థాట్‌ను కొనుగోలు చేసింది. 1988లో రంగులు వచ్చాయి. 1990లో విండోస్ రూపం వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. తొలినాటి పవర్‌పాయింట్ దృష్టిలో ఫలితం అంటే కాగితం, లేదా షీటు. కాగితం తనంతట తాను ఏ పనీ చేయదు. కాబట్టి దానిలో ఆజ్ఞలు పెట్టవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. స్ప్రెడ్‌షీట్ పరిస్థితి వేరు. నెలనెలా అవే లెక్కలు తిరిగి చేయాలి. పునరావృతం ఉన్నచోటే మాక్రో పుడుతుంది.

అయితే అదే 1987లో, అదే మెకింతాష్ మీద వేరొక ఆలోచన కూడా వెలువడింది. బిల్ అట్కిన్సన్ రూపొందించిన హైపర్‌కార్డ్‌లో తెర మీది ప్రతి పుట ఒక కార్డు. ప్రతి కార్డు మీదా బొత్తాలు పెట్టవచ్చు. ఒక్కో బొత్తం వెనుక, ఇంగ్లీషు వాక్యాలకు దగ్గరగా ఉండే హైపర్‌టాక్ భాషలో ఆజ్ఞలు రాయవచ్చు. ఎందరో ఉపాధ్యాయులు దానితో పాఠాలు, ప్రశ్నావళులు తయారుచేశారు. పుట కూడా పని చేయగలదని హైపర్‌కార్డ్ చూపింది. పవర్‌పాయింట్‌కు ఆ శక్తి రావడానికి మరో పదేళ్లు పట్టింది.

9.4 అనువర్తనాలకు ఒకే భాష: 1993–1997

1990ల మొదట్లో మైక్రోసాఫ్ట్ కార్యాలయ సాఫ్ట్‌వేర్‌లన్నిటికీ ఒకే మాక్రో భాష లేదు. ఎక్సెల్‌కు మాక్రో షీట్ల పద్ధతి ఉండేది. వర్డ్‌కు వర్డ్‌బేసిక్ ఉండేది. ఒకదానిలో నేర్చుకున్నది మరొకదానిలో పనికివచ్చేది కాదు. మరోవైపు 1991లో వెలువడిన విజువల్ బేసిక్, తెర మీద బొత్తాలు అమర్చి వాటి వెనుక బేసిక్ ఆజ్ఞలు రాసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది.

ఈ విజువల్ బేసిక్‌నే కార్యాలయ సాఫ్ట్‌వేర్ లోపల అమర్చాలన్న ఆలోచన నుంచి ‘విజువల్ బేసిక్ ఫర్ అప్లికేషన్స్’ పుట్టింది. దీన్ని సంక్షిప్తంగా వీబీఏ అంటారు. 1993లో ఎక్సెల్ 5.0తో ఇది మొదట వచ్చింది. ఆఫీస్ 97తో వర్డ్‌కు, పవర్‌పాయింట్‌కు కూడా చేరింది. అంటే పవర్‌పాయింట్ పుట్టిన పదేళ్లకు దానికి పూర్తి స్థాయి ఆజ్ఞల భాష అమరింది.

ఈ మార్పుకు సాంకేతిక కారణంతోపాటు వాడుకలోని కారణం కూడా ఉంది. 1992లో వచ్చిన పవర్‌పాయింట్ 3.0 నాటి నుంచి స్లయిడ్‌లను కాగితం మీద కాకుండా నేరుగా తెర మీద చూపే పద్ధతి బలపడింది. స్లయిడ్ తెర మీదే ఉన్నప్పుడు దాని మీద నొక్కవచ్చు. నొక్కితే ఏదో ఒకటి జరగాలని ఆశించవచ్చు.

ఆఫీస్ 97 నాటి పవర్‌పాయింట్‌లో మాక్రో రికార్డర్ కూడా ఉండేది. దాన్ని ఆన్ చేసి మీరు ఒక పని చేస్తే, ఆ పనిని అది కోడ్‌గా రాసి పెట్టేది. ఆ కోడ్‌ను తెరిచి చదివి, చిన్న చిన్న మార్పులు చేస్తూ చాలామంది స్వయంగా ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. గురువు లేని విద్యార్థికి అదే గురువు. 2007 రూపంలో పవర్‌పాయింట్ నుంచి ఈ రికార్డర్‌ను తొలగించారు. ఎక్సెల్, వర్డ్‌లలో మాత్రం ఉంచారు. దూరవిద్యలో చదివే మీకు ఈ నష్టం విలువ ఏమిటో వేరే చెప్పనవసరం లేదు.

విద్యారంగంలో ఈ భాష ఉపయోగానికి ఒక నిదర్శనం 2004లో వచ్చిన డేవిడ్ మార్కోవిట్జ్ పుస్తకం. పవర్‌పాయింట్‌లో వీబీఏ వాడి, విద్యార్థి జవాబుకు స్పందించే పాఠాలు తయారుచేయడం ఎలాగో ఉపాధ్యాయుల కోసమే రాసిన పుస్తకం అది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
స్ప్రెడ్‌షీట్‌లో ముందుగా, ప్రెజెంటేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఆలస్యంగా మాక్రోలు రావడానికి కారణాలు ఏమిటి?

9.5 ఒక చిన్న మాక్రో ఎలా పనిచేస్తుంది?

పరిచయంలో చెప్పిన 80 ఫొటోల ఉదాహరణకు తిరిగి వద్దాం. వీబీఏ దృష్టిలో పవర్‌పాయింట్ ఒక పెట్టెలో మరొక పెట్టె ఉన్నట్టుగా ఉంటుంది. అన్నిటికంటే పైన అప్లికేషన్ ఉంటుంది. దాని లోపల ప్రెజెంటేషన్, దాని లోపల స్లయిడ్‌లు, ప్రతి స్లయిడ్ లోపల షేపులు ఉంటాయి. శీర్షిక పెట్టె, ఫొటో, బాణం గుర్తు, పట్టిక – ఇవన్నీ షేపులే. ఈ అమరికను ఆబ్జెక్ట్ మోడల్ అంటారు. మాక్రో రాయడం అంటే ఈ పెట్టెల్లో ఏ పెట్టె దగ్గరికి వెళ్లి ఏం చేయాలో చెప్పడమే.

మన ఉదాహరణలోని ఆజ్ఞలను మాటల్లో చెబితే ఇలా ఉంటాయి.

1. తెరిచి ఉన్న ప్రెజెంటేషన్‌లోని ఒక్కో స్లయిడ్‌ను వరుసగా తీసుకో.
2. ఆ స్లయిడ్‌లోని ఒక్కో షేపును వరుసగా చూడు.
3. అది ఫొటో అయితే, వెడల్పు ఎత్తుల నిష్పత్తి చెడకుండా కట్టుబాటు పెట్టు.
4. దాని వెడల్పును 500 పాయింట్లు చెయ్యి. (అంగుళానికి 72 పాయింట్లు.)
5. ఎడమ అంచు నుంచి, పై అంచు నుంచి చెప్పిన దూరంలో నిలుపు.
6. షేపులు అయిపోతే తరువాతి స్లయిడ్‌కు, స్లయిడ్‌లు అయిపోతే పని ముగింపుకు వెళ్లు.

ఇప్పుడు ఇందులోని చిక్కులు చూడండి. ప్రతి స్లయిడ్ మూలనా శాఖ చిహ్నాన్ని బొమ్మగా అతికించి ఉంటే, యంత్రానికి అదీ ఫొటోయే. అది కూడా 500 పాయింట్ల వెడల్పుకు పెరిగి అసలు ఫొటో మీద పరుచుకుంటుంది. అలాగే, స్లయిడ్‌లో ముందే ఉన్న ఖాళీ చట్రంలో చేర్చిన ఫొటోను పవర్‌పాయింట్ ‘ఫొటో’ రకంగా కాక ‘ప్లేస్‌హోల్డర్’ రకంగా లెక్కిస్తుంది. మన మాక్రో దాన్ని ముట్టుకోకుండా దాటిపోతుంది. దాటిపోయానని మీకు చెప్పదు కూడా.

మాక్రో మీరు చెప్పినదే చేస్తుంది. మీ మనసులో ఉన్నది చేయదు. అందువల్ల అసలు ఫైలును పక్కన దాచి, నకలు మీద మాక్రో నడిపి, ఫలితాన్ని మొదటి నుంచి చివరి వరకు కళ్లతో చూసుకోవడం ఈ రంగంలో అనుభవజ్ఞులు ఎన్నడూ విడువని అలవాటు. శ్రమను యంత్రానికి అప్పగించాం. సరిచూసే బాధ్యత మాత్రం మన దగ్గరే ఉంది.

9.6 తెలుగు లిపి – మాక్రోలు

తెలుగులో స్లయిడ్‌లు తయారుచేసేవారికి మరికొన్ని ప్రత్యేక సమస్యలు ఉన్నాయి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగు అక్షరాలకు స్థానం దొరికింది. కానీ విండోస్ ఎక్స్‌పీతో 2001లో గౌతమి ఫాంటు వచ్చే వరకు సామాన్య వాడుకరికి అది అందుబాటులోకి రాలేదు. ఆ లోపు, ఇంగ్లీషు అక్షరాల సంకేతాలకే తెలుగు ఆకృతులు తొడిగిన పాత ఫాంట్లతో పని నడిచింది. అటువంటి ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఒకసారి వేరే ఊరి సమావేశ మందిరంలో నా పాఠం మొత్తం ఇలాగే తెర మీదికి వచ్చింది. ఆ రోజు నల్లబల్ల మీద సుద్దముక్కతోనే పాఠం చెప్పవలసి వచ్చింది.

ఇక్కడ మీరు తెలుసుకోవలసిన భేదం ఒకటి ఉంది. పాత ఫాంటు పేరును మాక్రోతో ‘గౌతమి’ అని మార్చినంత మాత్రాన పాత రాత తెలుగు కాదు. లోపలి సంకేతాలు ఇంగ్లీషువే కాబట్టి అవి ఇంగ్లీషు అక్షరాలుగానే ఉంటాయి. రూపం మార్చడం ఒక పని, సంకేతాలను మార్చడం మరో పని. రెండో దానికి ప్రతి పాత సంకేతానికీ సరైన యూనికోడ్ అక్షరం ఏదో చెప్పే పట్టిక కావాలి.

యూనికోడ్ తెలుగుతో కూడా జాగ్రత్త అవసరం. పవర్‌పాయింట్ ఇంగ్లీషు వంటి లిపులకు ఒక ఫాంటును, తెలుగు వంటి సంక్లిష్ట లిపులకు వేరొక ఫాంటును గుర్తుపెట్టుకుంటుంది. వీబీఏలో ఈ రెండో దానికి ‘నేమ్‌కాంప్లెక్స్‌స్క్రిప్ట్’ అనే ప్రత్యేక ధర్మం ఉంది. దాన్ని మరచి రాసిన మాక్రోతో ఇంగ్లీషు మారి, తెలుగు మారకుండా మిగిలిపోవచ్చు.

ఇంకొక వింత కూడా ఉంది. వీబీఏ భాష తన లోపల అక్షరాలను యూనికోడ్‌లోనే దాచుకుంటుంది. కానీ మనం కోడ్ రాసే ఎడిటర్ కిటికీ మాత్రం పాత కాలపు సంకేతాలతోనే పనిచేస్తుంది. అందులో నేరుగా తెలుగు మాట టైప్ చేస్తే ప్రశ్నార్థకాలు వస్తాయి. అందుకే ‘త’ అని రాయాలంటే దాని యూనికోడ్ సంఖ్య 3108ని ఒక ఫంక్షన్‌కు ఇచ్చి ఆ అక్షరాన్ని తెప్పించుకోవాలి. సామాన్యుడి కోసం పుట్టిన బేసిక్ వంశపు భాషలో తెలుగు సామాన్యుడు తన మాటను నేరుగా రాసుకోలేడు. ఆజ్ఞ ఇచ్చే అధికారం ‘అందరికీ’ అన్నప్పుడు ఆ ‘అందరిలో’ ఎవరెవరు ఉన్నారని అడగడం చరిత్ర విద్యార్థి బాధ్యత.

9.7 నమ్మకం దెబ్బతిన్న కాలం

ఆజ్ఞలు ఫైలు లోపలే ఉండడం మాక్రోల గొప్ప సౌలభ్యం. ఫైలును పంపితే ఆజ్ఞలూ వెళతాయి. వచ్చిన ప్రమాదం కూడా దీని నుంచే వచ్చింది.

అంతవరకు వైరస్ అంటే ప్రోగ్రామ్‌లకు, డిస్కులకు అంటుకునేదని, పత్రాలకు అంటదని నమ్మేవారు. 1995లో వ్యాపించిన ‘కాన్సెప్ట్’ ఈ నమ్మకాన్ని చెరిపేసింది. అది వర్డ్ పత్రంలో మాక్రో రూపంలో ఉండేది. పత్రం తెరవగానే తనంతట తానే నడిచే మాక్రోలకు వర్డ్‌లో అవకాశం ఉంది. ఆ అవకాశంతో కాన్సెప్ట్ వాడుకరి కంప్యూటర్‌లోని మూస పత్రంలో చేరి, అక్కడి నుంచి కొత్త పత్రాలకు పాకేది. మరుసటి ఏడాది ఎక్సెల్‌కు ‘లారూ’ వచ్చింది. 1999లో కనిపించిన ‘ట్రైస్టేట్’ వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ – మూడింటికీ అంటుకునేది. అన్నిటికీ ఒకే భాష ఉండడం వాడుకరికి ఎంత మేలో, వైరస్ రాసేవాడికీ అంతే మేలు.

అయినా వర్డ్, ఎక్సెల్‌లతో పోలిస్తే పవర్‌పాయింట్‌లో మాక్రో వైరస్‌ల బెడద తక్కువ. దీనికి ఒక నిర్మాణపరమైన కారణం ఉంది. ఫైలు తెరవగానే నడిచే మాక్రోను పవర్‌పాయింట్ 97 సాధారణ ప్రెజెంటేషన్‌లో అనుమతించలేదు; యాడ్-ఇన్ అనే ప్రత్యేక రకం ఫైలులో మాత్రమే అనుమతించింది. ఒక సాధనం రూపకల్పనలోని చిన్న నిర్ణయం కూడా దాని భవిష్యత్తును ఎలా మలుస్తుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

1999 మార్చి 26న వెలువడిన ‘మెలిస్సా’ ఈ చరిత్రలో ఒక మలుపు. అది వర్డ్ మాక్రో. పత్రం తెరిచినవారి అవుట్‌లుక్ చిరునామాల జాబితాలోని మొదటి 50 చిరునామాలకు తనను తాను పంపుకునేది. ఉత్తరం తెలిసినవారి పేరుతో వచ్చేది కాబట్టి అందుకున్నవారు అనుమానించకుండా తెరిచేవారు. పెద్ద పెద్ద సంస్థలు ఆ భారం తట్టుకోలేక తమ ఈమెయిల్ వ్యవస్థలను ఆపుకోవలసి వచ్చింది. దాన్ని రాసిన వ్యక్తికి 2002లో అమెరికా కోర్టు 20 నెలల జైలుశిక్ష విధించింది.

మెలిస్సా వాడుకున్నది యంత్రంలోని లోపాన్ని కాదు, మనుషుల మధ్య ఉన్న నమ్మకాన్ని. ఈ పాఠానికి మరింత తీవ్రమైన రూపం ఉక్రెయిన్‌లో కనిపించింది. 2015 డిసెంబర్ 23న అక్కడి విద్యుత్ పంపిణీ సంస్థలపై జరిగిన సైబర్ దాడి వల్ల సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కొన్ని గంటలపాటు కరెంటు పోయింది. దాడి చేసినవారు అంతకు కొన్ని నెలల ముందే ఆ సంస్థల నెట్‌వర్కుల్లోకి చొరబడ్డారు. చొరబడిన మార్గం ఉద్యోగులకు ఈమెయిల్‌లో పంపిన ఆఫీస్ పత్రాలు. వాటిలోని మాక్రోలను అనుమతించమని పత్రమే కోరింది; ఉద్యోగి అనుమతించాడు. చలికాలపు సాయంత్రం ఇళ్లలో దీపాలు ఆరిపోవడానికి దారితీసిన గొలుసులో మొదటి కొక్కెం ఒక మౌస్ నొక్కు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
మాక్రో వైరస్‌లు యంత్రంలోని లోపం కంటే మనుషుల నమ్మకాన్నే ఎక్కువగా వాడుకున్నాయని ఎలా చెప్పగలం? రెండు ఉదాహరణలు ఇవ్వండి.

9.8 కట్టుదిట్టాల చరిత్ర

ఈ ప్రమాదానికి సాఫ్ట్‌వేర్ తయారీదారుల స్పందన అంచెలంచెలుగా సాగింది. ఆఫీస్ 97లో మాక్రోలు ఉన్న ఫైలు తెరిచేటప్పుడు ఒక హెచ్చరిక వచ్చేది. ఆఫీస్ 2000లో భద్రతా స్థాయిలు, మాక్రోల మీద డిజిటల్ సంతకాలు వచ్చాయి. సంతకం ఉంటే ఆ కోడ్ ఎవరిదో, మధ్యలో ఎవరైనా మార్చారో లేదో తెలుస్తుంది. అయితే సంతకం చేసినవారు మంచివారా కాదా అన్నది మాత్రం తెలియదు. దస్తావేజు మీది సంతకానికి ఉన్న పరిమితే దీనికీ ఉంది.

ఆఫీస్ 2007 ఒక తెలివైన మార్పు తెచ్చింది. మాక్రోలు లేని ప్రెజెంటేషన్ ఫైలు పేరు చివర ‘పీపీటీఎక్స్’ అని, మాక్రోలు ఉన్నదాని చివర ‘పీపీటీఎమ్’ అని ఉంటుంది. మొదటి రకం ఫైలులో మాక్రోలను దాచుకోవడం కుదరదు. ఫైలు తెరవక ముందే, పేరు చూసి దానిలో ఆజ్ఞలు ఉండవచ్చా లేదా అని గుర్తించగల వీలు వాడుకరికి కలిగింది. మీరు రాసిన మాక్రోను భద్రపరిచేటప్పుడు రెండో రకాన్ని ఎంచుకోకపోతే కోడ్ పోతుందని కూడా గుర్తుంచుకోండి.

హెచ్చరికలు మాత్రం ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. రోజుకు పదిసార్లు కనిపించే హెచ్చరికను ఎవరూ చదవరు. చివరకు 2022 ఫిబ్రవరిలో, ఇంటర్‌నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని వీబీఏ మాక్రోలను తామే అడ్డుకుంటామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. జులైలో కొద్దికాలం వెనక్కి తగ్గి, అదే నెలలో మళ్లీ అమలు చేసింది. అంతకు ముందు ‘అనుమతించు’ అనే బొత్తం ఒక్క నొక్కు దూరంలో ఉండేది. ఇప్పుడు ఫైలు ధర్మాలలోకి వెళ్లి, ఈ ఫైలును నమ్ముతున్నానని వాడుకరి ప్రత్యేకంగా చెప్పాలి. మొదటి మాక్రో వైరస్ వ్యాపించిన తరువాత ఈ నిర్ణయానికి 27 ఏళ్లు పట్టింది. అన్నేళ్లు ఎందుకు పట్టిందంటే, ఎన్నో కార్యాలయాల రోజువారీ పని మాక్రోల మీదే ఆధారపడి ఉంది. ఒక్కసారిగా ఆపితే దొంగతోపాటు ఇంటివాడూ బయటే నిలబడతాడు.

9.9 ఇతర మార్గాలు – ఏ పనిని అప్పగించాలి?

ఒకే సంస్థ చేతిలో ఉన్న సాధనం మీద ఆధారపడటంలో మరో చిక్కు ఉంది. మెకింతాష్ కోసం వచ్చిన ఆఫీస్ 2008లో వీబీఏను పూర్తిగా తీసేశారు. 2011 రూపంలో మళ్లీ చేర్చారు. ఆ మూడేళ్లు, అప్పటికే రాసుకున్న మాక్రోలు కొత్త రూపంలో పనిచేయలేదు. ఇటువంటి అనుభవాలు ఇతర మార్గాలకు ప్రోత్సాహం ఇచ్చాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రె‌ఆఫీస్‌లోని ఇంప్రెస్‌లో బేసిక్, పైథాన్ భాషల్లో మాక్రోలు రాయవచ్చు. గూగుల్ స్లయిడ్స్‌లో యాప్స్ స్క్రిప్ట్ వాడవచ్చు. పీపీటీఎక్స్ ఫైలు నిజానికి ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రాలను మూటగట్టిన జిప్ సంచి. ఆ నిర్మాణం 2008లో అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందింది. కాబట్టి పవర్‌పాయింట్ లేకుండానే పైథాన్ వంటి భాషలతో స్లయిడ్‌లు తయారుచేయడం సాధ్యమైంది.

ఇక చివరి ప్రశ్న: ఏ పనిని అప్పగించాలి? 1990లలో పవర్‌పాయింట్‌లో ‘ఆటోకంటెంట్ విజర్డ్’ అనే సదుపాయం ఉండేది. విషయం ఎంచుకుంటే, స్లయిడ్ వారీగా ఏమేం చెప్పాలో అదే ఒక చట్రం ఇచ్చేది. మాక్రో చేతుల పనిని తీసుకుంటే, విజర్డ్ ఆలోచన పనిలో వేలు పెట్టింది. 2003లో ఎడ్వర్డ్ టఫ్టీ రాసిన విమర్శ, ఇటువంటి ముందే పోసిన మూసలు ఆలోచనను ముక్కలు చేస్తాయని వాదించింది. 2007 రూపంలో విజర్డ్‌ను తొలగించారు. 2023లో ‘కోపైలట్’ అనే కృత్రిమ మేధ సాధనాన్ని ప్రకటించినప్పుడు అదే ప్రశ్న మరింత పెద్ద రూపంలో తిరిగి వచ్చింది. ఇప్పుడు మామూలు మాటల్లో అడిగితే స్లయిడ్‌లు, వాటిలోని వాక్యాలు కూడా తయారవుతాయి.

మాక్రోకు, దీనికి ఒక ముఖ్యమైన తేడా ఉంది. మాక్రోలోని ప్రతి పంక్తినీ మీరు చదవగలరు. తప్పు ఏ పంక్తిలో ఉందో వెతకగలరు. కృత్రిమ మేధ ఇచ్చిన వాక్యం వెనుక అటువంటి పంక్తులు మీకు కనిపించవు. కాబట్టి సరిచూసే బాధ్యత తగ్గలేదు, పెరిగింది. 80 ఫొటోల వెడల్పు సరిచేయడాన్ని నిశ్చింతగా యంత్రానికి ఇవ్వండి. ఆ 80 పనులు నిజంగా పూర్తయ్యాయా అన్నది మాత్రం మీరే చూసి చెప్పాలి. సమావేశంలో లేచి నిలబడి సమాధానం చెప్పవలసినది మీరే.

9.10 సారాంశం

మాక్రో నిపుణుల సాధనంగా 1950లలో మొదలై, 1983లో లోటస్ 1-2-3తో సామాన్య ఉద్యోగి చేతికి వచ్చింది. 1987లో పుట్టిన పవర్‌పాయింట్‌కు ఆఫీస్ 97తో వీబీఏ అందింది. ఆజ్ఞలు ఫైలుతోపాటు ప్రయాణించడం వల్ల సౌలభ్యం, ప్రమాదం రెండూ కలిసి వచ్చాయి. 1995 నుంచి 2022 వరకు సాగిన భద్రతా చర్యలు, ఎవరి ఆజ్ఞను నమ్మాలన్న ప్రశ్నకు వెతికిన సమాధానాలు. తెలుగు వాడుకరికి లిపి సమస్యలు అదనం. యంత్రానికి అప్పగించదగినది పునరావృతమయ్యే శ్రమ. ఆలోచన, సరిచూడటం, జవాబుదారీతనం మనిషివే.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కార్యాలయ సాఫ్ట్‌వేర్‌లో మాక్రోల పరిణామాన్ని లోటస్ 1-2-3 నుంచి ఆఫీస్ 97 వరకు వివరించండి.
2. ‘ఆజ్ఞ ఇచ్చే అధికారం విస్తరించిన కొద్దీ నమ్మకం సమస్య పెరిగింది’ – తగిన ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పవర్‌పాయింట్ ఆబ్జెక్ట్ మోడల్‌ను వివరించి, చిన్న మాక్రోలో రాగల రెండు పొరపాట్లు తెలపండి.
2. తెలుగు స్లయిడ్‌లపై మాక్రోలు వాడేటప్పుడు ఎదురయ్యే సమస్యలు ఏవి?
3. పీపీటీఎక్స్, పీపీటీఎమ్ ఫైళ్ల మధ్య భేదం, దాని ప్రాధాన్యం తెలపండి.

III. చేసి చూడండి.
మీరు పనిచేసే చోట వారానికి ఒకసారైనా చేసే ఒక పునరావృత పనిని ఎంచుకోండి. దాన్ని 9.5లో చూపినట్టు వరుస ఆజ్ఞలుగా తెలుగులో రాయండి. వాటిలో ఏ ఆజ్ఞను యంత్రం అపార్థం చేసుకునే అవకాశం ఉందో గుర్తించండి.